టెలిస్కోపు కొనే ముందు మైదానంలో ఒక కర్ర పాతండి

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నరసన్నపేట దగ్గర డిగ్రీ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతున్నారు. మొదటి సంవత్సరం పిల్లలు అరవై మంది, అందులో సగానికి పైగా బి.ఏ., బి.కామ్. వాళ్ళు. అందరినీ కలిపి కూర్చోబెట్టి పన్నెండు గంటల్లో ఖగోళశాస్త్రం పరిచయం చేయమన్నారు. చేతిలో ఇరవై వేల రూపాయలున్నాయి. టెలిస్కోపు కొనాలా, పాఠం బిగ్ బ్యాంగ్‌తో మొదలుపెట్టాలా, కృష్ణబిలాలతో మొదలుపెట్టాలా అని అడిగారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కళాశాలల్లో ముప్పై ఏళ్ళకు పైగా ఈ పాఠం చెప్పాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను. టెలిస్కోపు ఇప్పుడే వద్దు. బిగ్ బ్యాంగ్‌ను చివరి గంటకు దాచండి. మొదటి రోజు పిల్లలను మైదానంలోకి తీసుకెళ్ళి ఒక మీటరు పొడవున్న కర్ర పాతించండి.

టెలిస్కోపు ఎందుకు వద్దంటున్నానో ముందు చెబుతాను. 2009 అంతర్జాతీయ ఖగోళశాస్త్ర సంవత్సరం. ఆ ఉత్సాహంలో మా కళాశాలకు ఒక టెలిస్కోపు తెప్పించాం. పెట్టె మీద అయిదు వందల రెట్లు పెద్దదిగా చూపిస్తుందని రాసి ఉంది. దాని స్టాండు ఎంత బలహీనమంటే, కంటి కటకం దగ్గర ఊపిరి వదిలినా బృహస్పతి గంతులు వేసేది. నూట ఇరవై మంది వరుసలో నిలబడ్డారు. ఒక్కొక్కరికి ఇరవై సెకన్లు. చాలామంది వణికే ఒక తెల్లని చుక్కను చూసి, చూశామని చెప్పి వెళ్ళిపోయారు. ఆ రాత్రి నాకు చాలా బాధ కలిగింది. పిల్లల్లో ఆసక్తి లేక కాదు. వాళ్ళు చూసిన దానికీ వాళ్ళకు తెలిసిన దానికీ మధ్య మేము వంతెన కట్టలేదు. ఆకాశం కదులుతుందని, ఆ కదలికకు లెక్క ఉందని తన కంటితో పట్టుకోని విద్యార్థికి గెలీలియో 1610లో చూసిన బృహస్పతి చంద్రులను చూపించినా అవి నాలుగు చుక్కలే.

ఇక కర్ర సంగతి. నునుపైన వెదురు కర్ర చాలు. నేల మీద మిగిలిన భాగం సరిగ్గా ఒక మీటరు ఉండాలి. దారానికి రాయి కట్టి వేలాడదీసి, కర్ర నిట్టనిలువుగా ఉందో లేదో నాలుగు పక్కల నుంచీ చూడాలి. ఉదయం పది గంటల నుంచి నీడ కొస దగ్గర పది నిమిషాలకొక గులకరాయి పెట్టించండి. మధ్యాహ్నం రెండు గంటలకు రాళ్ళన్నీ కలిపి చూస్తే ఒక గీత కనిపిస్తుంది. వాటిలో కర్రకు అతి దగ్గరగా ఉన్న రాయి ఏ సమయానిదో అడగండి. పన్నెండు గంటలది అని పిల్లలు ముందే చెప్పేస్తారు. గడియారం అలా చెప్పదు. మన ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల రేఖాంశానిది. శ్రీకాకుళం దాదాపు 83.9 దగ్గర, అంటే దానికి కాస్త తూర్పున ఉంది. దానికి తోడు భూకక్ష్య కొద్దిగా కోలగా ఉండటం, భూమి అక్షం వాలి ఉండటం వల్ల సూర్యుడు గడియారంతో సమానంగా నడవడు. అందుకే అతి పొట్టి నీడ మన దగ్గర నవంబరు మొదట్లో 11:38 ప్రాంతంలోనే పడుతుంది. ఫిబ్రవరి మధ్యలో 12:09 దాకా ఆగాలి. గడియారం తప్పా, సూర్యుడు తప్పా అని వాళ్ళలో వాళ్ళు వాదించుకోనివ్వండి. అరగంట వాదన జరిగితే మీ మొదటి తరగతి గెలిచినట్టే.

అదే కర్ర చుట్టూ ఒక వృత్తం గీసి, పొద్దున నీడ కొస వృత్తాన్ని తాకిన చోట ఒక గుర్తు, మధ్యాహ్నం తాకిన చోట ఇంకో గుర్తు పెట్టి కలిపితే తూర్పు పడమరల గీత వస్తుంది. మన పూర్వులు గుడికి పునాది వేసేటప్పుడు దిక్కులు కట్టిన శంకుచ్ఛాయ పద్ధతి ఇదే. కళాశాల భవనం నిజంగా తూర్పు ముఖమో కాదో ఆ గీతతో సరిచూడమనండి. బి.ఏ. పిల్లలు దీన్ని సైన్సు పిల్లల కంటే శ్రద్ధగా చేయడం నేను చాలాసార్లు చూశాను.

మిట్టమధ్యాహ్నం సూర్యుడు రోజూ నడినెత్తిన ఉంటాడని మన పిల్లలంతా నమ్ముతారు. శ్రీకాకుళంలో ఏడాదికి రెండే రెండు రోజులు అలా జరుగుతుంది, మే 13 ప్రాంతంలో ఒకసారి, జులై 31 ప్రాంతంలో ఒకసారి. ఆ రోజు కర్ర నీడ దాని కిందికే పోతుంది. ఆ రెండు రోజుల మధ్య కాలంలో సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. జూన్ 21న మీటరు కర్రకు 9 సెంటీమీటర్ల నీడ, దక్షిణంగా. డిసెంబరు 21న 89 సెంటీమీటర్లు, ఉత్తరంగా. మేలో సెలవులు, జులై చివర మబ్బులు. కాబట్టి నీడ లేని రోజును చూపించడం కష్టమే. కానీ డిసెంబరు నీడను తప్పకుండా కొలిపించండి. ఆ ఒక్క సంఖ్యకు మన అక్షాంశం తోడైతే భూమి అక్షం వాలు 23.4 డిగ్రీలు రాబట్టవచ్చు. ఇంటర్‌లో చదివిన టాన్జెంటు పట్టిక ఎందుకు పనికొస్తుందో వాళ్ళకు అప్పుడు తెలుస్తుంది.

రెండో తరగతికి అరసవల్లి చాలు. ఏటా మార్చి రెండో వారంలో, మళ్ళీ అక్టోబరు తొలి రోజుల్లో తొలి కిరణాలు సూర్యనారాయణస్వామి పాదాలను తాకుతాయని మన జిల్లాలో తెలియనివాళ్ళు లేరు. మీ తరగతిలో సగం మంది ఆ తెల్లవారుజామున అక్కడ నిలబడి చూసి ఉంటారు. ఆ రెండు తేదీలే ఎందుకని అడగండి. వెంటనే జవాబు చెప్పకండి. పగలూ రాత్రీ సమానంగా ఉండే విషువత్తులు మార్చి 20న, సెప్టెంబరు 23న వస్తాయని బోర్డు మీద రాసి ఊరుకోండి. ఎవరో ఒకరు లెక్క కడతారు: మొదటిది విషువత్తుకు పది రోజుల ముందు, రెండోది విషువత్తు దాటిన తొమ్మిది పది రోజులకు. రెండు సందర్భాల్లోనూ సూర్యుడు ఖగోళ మధ్యరేఖకు, అంటే భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించుకునే గీతకు, దాదాపు నాలుగు డిగ్రీలు దక్షిణంగా ఉంటాడు. అంటే క్షితిజం మీద ఒకే చోట ఉదయిస్తాడు. దక్షిణానికి వెళుతూ ఒకసారి, ఉత్తరానికి తిరిగి వస్తూ ఒకసారి అదే గుమ్మం ముందు నుంచి నడిచి వెళ్తాడు.

అక్కడితో ఆగకుండా ఇంకో ప్రశ్న వేయండి. రెండు మూడు రోజులే ఎందుకు? విషువత్తుల దగ్గర ఉదయస్థానం రోజుకు 0.4 డిగ్రీలు జరుగుతుంది, సూర్యబింబం వెడల్పు అర డిగ్రీ. రోజూ దాదాపు ఒక బింబమంత పక్కకు జరిగిపోతుంటే ద్వారాల వరుసలోంచి వచ్చే వెలుగు పాదాల మీద నిలవదు. అదే డిసెంబరు చివరి ఉదయాలకు గురిపెట్టి ఉంటే వారం పైగా నిలిచేది. అప్పుడు సూర్యుడు ఉదయించే చోటు కదిలీ కదలనట్టు ఉంటుంది. అలా కాకుండా కదలిక జోరుగా ఉండే రోజులకు పట్టేలా ద్వారం నిలిపిన స్థపతుల నేర్పు గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది. భక్తికి ఈ లెక్క అడ్డు రాదు. గుడి నుంచి తిరిగొచ్చిన అమ్మాయి ఒకసారి నాతో, మాస్టారూ, ఈసారి కిరణాలతో పాటు గుమ్మాన్ని కూడా చూశాను అంది. నాకు అంతకంటే ఇంకేం కావాలి?

మూడో విషయం కార్తెలు. మీ పిల్లల్లో రైతు బిడ్డలు ఎక్కువే ఉంటారు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని, మృగశిర రాగానే చల్లబడుతుందని ఇంట్లో వింటూ పెరిగినవాళ్ళు. ఆకాశాన్ని 27 నక్షత్రాలుగా పంచుకుంటే సూర్యుడు ఒక్కోదానిలో పదమూడున్నర రోజులు ఉంటాడు, అదే కార్తె. అయితే రోహిణి కార్తెలో రోహిణి నక్షత్రం చూపించమని అడిగి చూడండి. మొదట వెతుకుతామంటారు, తరవాత ఒకరికి తడుతుంది: సూర్యుడే ఆ నక్షత్రం దగ్గర ఉంటే అది పగటి వెలుగులో మునిగిపోయి ఉంటుంది కదా! మరి ఎప్పుడు కనిపిస్తుంది? ఆరు నెలల తరవాత, నవంబరు చివర, డిసెంబరులో, పొద్దు గుంకగానే తూర్పున ఎర్రగా లేచి తెల్లవార్లూ ఉంటుంది. కార్తీక పౌర్ణమి నాడు చంద్రుడు కృత్తికల దగ్గర ఎందుకుంటాడో, మార్గశిరంలో మృగశిర దగ్గరికి ఎందుకు వెళ్తాడో కూడా ఇక్కడే తేలిపోతుంది. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్న మాట అయిదో తరగతి నుంచి వాళ్ళు బట్టీ పట్టిందే. దాని ఆనవాలు తాతగారి మాటల్లో ఉందని మాత్రం అప్పుడే తెలుసుకుంటారు. కృత్తికలను పిల్లలకోడి అని పిలిచే పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. అలాంటి పేర్లు అడిగి రాసుకు రమ్మనండి. తెలుగు సాహిత్యం తీసుకున్న పిల్లలకు ఇది మంచి పని.

చంద్రుడి దగ్గర మాత్రం తొందరపడకండి. చంద్రకళలు భూమి నీడ వల్ల కలుగుతాయని డిగ్రీ పిల్లల్లో చాలామంది అనుకుంటారు, ఎం.ఎస్సీ. చేసినవాళ్ళూ అంటుంటే విన్నాను. బోర్డు మీద బొమ్మ గీస్తే ఆ నమ్మకం పోదు. శుక్ల సప్తమి గానీ అష్టమి గానీ చూసుకుని, సాయంత్రం నాలుగు గంటలకు తలా ఒక నిమ్మకాయ ఇచ్చి మేడ మీదికి తీసుకెళ్ళండి. ఒక పక్క సూర్యుడు, ఇంకో పక్క పగటి వెలుగులో పాలిపోయిన సగం చంద్రుడు ఉంటాడు. చేయి బారుగా చాచి నిమ్మకాయను చంద్రుడి పక్కనే కనిపించేట్టు పట్టుకోమనండి. నిమ్మకాయ మీద ఎండ పడిన భాగం, చంద్రుడి మీద వెలిగే భాగం ఒకే ఆకారంలో ఉంటాయి, ఒకే వైపుకు వాలి ఉంటాయి. మేడంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోతుంది. చంద్రుడు కూడా ఎండలో ఉన్న ఒక రాయి అని వాళ్ళు ఆ క్షణంలో చూస్తారు. భూమి నీడకు అక్కడ పనే లేదు.

ఆ సాయంత్రం నుంచి నెల రోజులు చంద్రుడి బొమ్మ, సమయం, దిక్కు నోటు పుస్తకంలో వేయమనండి. మబ్బు పడితే మబ్బు అని రాయాలి. చంద్రుడు నక్షత్రాల మధ్య రోజుకు సుమారు పదమూడు డిగ్రీలు తూర్పుకు జరుగుతాడని, సగటున యాభై నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడని ఎవరూ చెప్పకుండానే పుస్తకంలో తేలుతుంది. ఇంట్లో పంచాంగం ఉంటే పక్కన పెట్టుకోవచ్చు. సూర్యచంద్రుల మధ్య దూరం పన్నెండు డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఒక తిథి. భావనపాడు తీరం వైపు పిల్లలుంటే సముద్రపు పోటు, పాటు వేళలు ఇంట్లో అడిగి అదే పుస్తకంలో రాస్తారు. ఆ కొలతలు మిగతా తరగతికి గొప్ప వరం.

జాతకాల సంగతి తప్పకుండా అడుగుతారు. నేను ఏనాడూ వెక్కిరించలేదు, మీరూ వెక్కిరించకండి. పంచాంగంలో గ్రహణం వేళ గణితం. దాన్ని ఎవరైనా గడియారం పెట్టుకుని సరిచూడవచ్చు. రాహుకేతువులు చంద్రుడి దారి సూర్యుడి దారిని దాటే రెండు బిందువులు, 18.6 ఏళ్ళకు ఒక చుట్టు తిరుగుతాయి. ఫలితాలు చెప్పే భాగాన్నీ అలాగే కొలతకు నిలబెట్టి చూడమనండి. ఏది నిలిచిందో వాళ్ళే తేల్చుకుంటారు.

రాత్రి తరగతులు రెండు చాలు. డిసెంబరు నుంచి మార్చి మధ్య, అమావాస్యకు అటూ ఇటూ ఉన్న రోజులు ఎంచుకోండి. అమ్మాయిలకు ఇంటి నుంచి అనుమతి రావడం కష్టమని మీకు వేరే చెప్పనక్కరలేదు. తల్లిదండ్రులనే పిలవండి. చాలామంది వస్తారు, ఎంతో శ్రద్ధగా చూస్తారు కూడా. ఏడు నుంచి తొమ్మిది దాకా పెట్టుకుంటే చివరి బస్సు అందుతుంది. టార్చీకి ఎర్ర కాగితం చుట్టండి, ఫోన్లు సంచుల్లో పెట్టించండి. కన్ను చీకటికి అలవాటు పడటానికి ఇరవై నిమిషాలైనా పడుతుంది. ఒక్క ఫోను వెలిగినా మళ్ళీ మొదటికి వస్తుంది.

ఫిబ్రవరి రెండో వారంలో తొమ్మిది గంటలకు మన ఆకాశంలో ఒక అందమైన సంగతి ఉంది. ఈశాన్యాన లేస్తున్న సప్తర్షుల్లో ముందున్న రెండింటిని, క్రతువు, పులహుడు, కలిపి గీత పొడిగిస్తే ధ్రువ నక్షత్రం దొరుకుతుంది. ఇంతేనా అని పిల్లలు నిరాశపడతారు. అది ప్రకాశంలో మధ్యరకం చుక్కే. దాని గొప్పతనం కదలకపోవడంలో ఉంది. చేయి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు పది డిగ్రీలు. క్షితిజం నుంచి దాదాపు రెండు పిడికిళ్ళ ఎత్తులో ధ్రువుడు ఉంటాడు, అదే మన అక్షాంశం, 18 డిగ్రీల పైచిలుకు. ఇప్పుడు వెనక్కి తిరిగి దక్షిణం చూడమనండి. అక్కడ కూడా సుమారు రెండు పిడికిళ్ళ ఎత్తులోనే అగస్త్యుడు తెల్లగా వెలుగుతుంటాడు, ఆకాశంలో రెండో అత్యంత ప్రకాశవంతమైన తార. ఢిల్లీలో అగస్త్యుడు తొమ్మిది డిగ్రీలైనా పైకి రాడు, ధ్రువుడు ఇరవై ఎనిమిదికి ఎక్కుతాడు. కన్యాకుమారిలో ధ్రువుడు ఎనిమిదికి దిగిపోతాడు. ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి, త్రాసులో సమంగా తూగినట్టు కనిపించేది మన అక్షాంశం దగ్గరే. భూమి గుండ్రం అనడానికి అంతకంటే అందమైన రుజువు నాకు తెలియదు.

పాలపుంత కోసం పట్టణం వదిలి వెళ్ళాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి, రోజుల తరబడి కరెంటు లేదు. రెండు రోజుల తరవాత మా విద్యార్థులతో కలిసి బియ్యం, మంచినీళ్ళు తీసుకుని ఒక ఊరికి వెళ్ళాం. అమావాస్య దాటి నాలుగైదు రోజులే, నెలవంక అస్తమించింది. బస్తాలు దించుతున్న ఒక కుర్రవాడు ఆగిపోయి, మాస్టారూ, ఆ పొగ ఏమిటి అని అడిగాడు. నైరుతి నుంచి ఈశాన్యం దాకా పాలపుంత. పంతొమ్మిదేళ్ళు ఆ జిల్లాలోనే పెరిగాడు, ఎప్పుడూ చూడలేదు. ఆ ఇంటి ముసలమ్మ, పడిపోయిన చెట్టు మొదలు మీద కూర్చుని, మా చిన్నప్పుడు రోజూ ఉండేదయ్యా అంది. మన పిల్లలకు ఏం దూరమైందో ఆ మాటతో నాకు తెలిసింది. అప్పటి నుంచి ఏటా ఒక్క రాత్రయినా దీపాలకు దూరంగా తీసుకెళ్ళడం నా నియమం.

నక్షత్రాల దూరాలు అంకెల్లో చెబితే ఎవరికీ పట్టవు. పద్ధెనిమిదేళ్ళ అమ్మాయికి శ్రవణ నక్షత్రం చూపించి, దాని వెలుగు మనల్ని చేరడానికి 16.7 ఏళ్ళు పడుతుంది, ఇది బయలుదేరినప్పుడు నీకు ఏడాది నిండి ఉంటుంది అని చెప్పండి. ఇది అక్టోబరు, నవంబరు సాయంత్రాల్లో చూపించవలసిన చుక్క. సౌరకుటుంబానికి కొబ్బరికాయ చాలు. 14 సెంటీమీటర్ల కాయ సూర్యుడైతే, పదిహేను మీటర్ల దూరంలో ఆవగింజంత భూమి, 450 మీటర్ల దూరంలో నెప్ట్యూన్. పక్క నక్షత్రం ఎక్కడ? నాలుగు వేల కిలోమీటర్ల అవతల ఇంకో కాయ. కాశ్మీరం నుంచి కన్యాకుమారి దాకా కూడా అంత దూరం లేదు.

మీరు భౌతికశాస్త్రం వారు కాబట్టి రెండు తరగతులు వర్ణపటానికి, అంటే వెలుగును రంగులుగా విడదీసి చూడటానికి, ఇవ్వండి. చెప్పుల పెట్టె, రెండు బ్లేడు ముక్కలతో సన్నని చీలిక, పాత సీడీ ముక్క ఉంటే వర్ణపటదర్శిని తయారు. ట్యూబులైటును దానితో చూస్తే పాదరసం ఆకుపచ్చ గీత విడిగా మెరుస్తుంది. ఎల్.ఈ.డి. బల్బులో అలాంటి గీతలు ఉండవు. ఇక్కడ గుంటూరు కథ చెప్పండి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త గుంటూరు వచ్చాడు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వెలుగులో గీతలు ఎంత ప్రకాశంగా కనిపించాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడవచ్చని ఆయనకు తోచింది, మర్నాడే చూశాడు. ఆ ఏడాదే ఇంగ్లండులో లాకియర్ అనే ఇంకో శాస్త్రవేత్త కూడా చూశాడు. వాటిలో సోడియానికి చెందని పసుపు గీత హీలియం అనే కొత్త మూలకానిదని తేలింది. భూమి మీద ఆ వాయువు 1895లో గానీ దొరకలేదు. మన పక్కనే విశాఖపట్నంలో గొడే వెంకట జగ్గారావు 1840లో సొంత వేధశాల కట్టుకున్నారు; ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874లో శుక్రుడు సూర్యబింబాన్ని దాటడాన్ని అక్కడి నుంచే పరిశీలించారు. చరిత్ర పిల్లలకు ఆ ఇద్దరి మీద చిన్న వ్యాసం ఇవ్వండి.

ఇరవై వేలతో రెండు మంచి 10×50 బైనాక్యులర్లు, ఒక గట్టి స్టాండు కొనండి. చంద్రుడి మీది గుంటలు, బృహస్పతి చంద్రులు, కృత్తికల్లో కంటికి అందని చుక్కలు వాటితోనే కనిపిస్తాయి. ఒక్క మాట అందరి చేతా నోటు పుస్తకం మొదటి పేజీలో రాయించండి: వాటిని సూర్యుడి వైపు తిప్పకూడదు, ఒక్క క్షణమైనా సరే. సూర్యబింబం కావాలంటే వేపచెట్టు కింద నేల చూపించండి. ఆకుల సందుల్లోంచి పడిన ఆ గుండ్రటి వెలుగు మచ్చలన్నీ సూర్యుడి బింబాలే.

చివరగా, వీలైతే తిరుపతిలో మీకు తెలిసిన అధ్యాపకులు ఒకరిని కలుపుకోండి. ఒకే రోజు, ఎవరి ఊళ్ళో వాళ్ళు, అతి పొట్టి నీడను కొలవాలి. రెండు చోట్లా వచ్చే కోణాల తేడా సుమారు 4.7 డిగ్రీలు, ఉత్తర దక్షిణంగా దూరం సుమారు 520 కిలోమీటర్లు. ప్రాచీన గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ ఈజిప్టులో చేసిన లెక్కే ఇది. భూమి చుట్టుకొలత నలభై వేల కిలోమీటర్ల దగ్గరికి మీ పిల్లలు తమంతట తాము చేరుకుంటారు. కర్ర నిలువు మాత్రం ఇద్దరూ దారం, రాయితో రెండుసార్లు సరిచూసుకోవాలి. ఒక్క డిగ్రీ వాలినా నీడ కొస దాదాపు రెండు సెంటీమీటర్లు తప్పుతుంది. అంత చిన్న తప్పుకే భూమి ఏడు వేల కిలోమీటర్లు తగ్గిపోవచ్చు, లేదా పది వేలు పెరగవచ్చు.